అక్క మెడ, నా కాగితం

మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. నాతో అయిదు నిమిషాలు కూర్చున్న ఎవరికైనా ఈ సంగతి తెలిసిపోతుంది, నేనే చెబుతాను గనక. తిరుపతిలో బి.ఎస్సీ., బాటనీ. థర్డ్ క్లాసులో పాసయ్యాననే ముక్క మాత్రం ఎవరైనా అడిగితేనే చెబుతాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

చదువయ్యాక కొన్నాళ్ళు బాహూరు వైపు మా ఊళ్ళో సేద్యం చేసి, తర్వాత పుదుచ్చేరి టౌన్లో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడి పెట్టాను. ముప్పైరెండేళ్ళు నడిపాను. రైతు ఒక ఆకు తెచ్చి బల్ల మీద పెడతాడు. నేను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఆకును వెలుతురుకు పట్టి, కాసేపు మాట్లాడకుండా ఉంటాను. ఆ కాసేపట్లో నాకు ఏమీ తోచదు. అయినా ఆ మౌనంతోనే రైతుకు సగం ధైర్యం వచ్చేసేది. ఆపైన ఏదో ఒక మందు పేరు చెబితే మిగతా సగం.

అంగడి మూసి రెండేళ్ళయింది. ఒర్లియంపేటలో ఇంటిపట్టున ఉన్నాను. ఆకు తెచ్చేవాడు లేడు, సలహా అడిగేవాడు లేడు. పితికేవాడు రాని ఆవు పొదుగు ఎట్లా సలుపుతుందో, నా నాలుక అట్లా సలిపేది. సరిగ్గా అప్పుడు మా అక్కకు జబ్బు చేసింది.

మా అక్క చెంగమ్మకు డెబ్భై ఒక్కటి. నాకంటే ఏడేళ్ళు పెద్దది. బావ పోయాక కదిర్కామంలో కూతురు విజి దగ్గర ఉంటోంది. విజి కరెంటాఫీసులో క్లర్కు. అక్క బడికి పోలేదు. నేను తిరుపతిలో ఆకుల పేర్లు లాటిన్లో బట్టీ పడుతుంటే, ఆ ఆకుల మధ్య నడుం వంచి కలుపు తీసి నాకు ఫీజు కట్టింది తను. కాబట్టి నా బి.ఎస్సీ.లో ఆవిడకు వాటా ఉంది. ఆ వాటాను నేను ఎట్లా చెల్లించానో చెప్పడానికే ఈ కథ.

ఆషాఢం వైపు, ఆడి నెలలో అక్క మెడకు ఎడమ పక్క గోలీకాయంత గడ్డ లేచింది. మా ఇళ్ళలో దాన్ని కట్టి అంటాం. పసుపు పట్టించింది, సున్నం పట్టించింది. అది నిమ్మకాయంత అయ్యి, ఎడమ పక్కకు తల తిప్పి ఎవరినీ తిట్టలేని పరిస్థితి వచ్చాక, విజి ఆసుపత్రికి తీసుకుపోయింది. రక్తం తీశారు, ఏవేవో పరీక్షలు చేశారు. రక్తంలో క్యాన్సర్ అన్నారు. నిదానంగా పెరిగే రకం, మందుంది, భయపడొద్దు అన్నారు.

ఆ మందు గురించి చెప్పడానికి డాక్టరమ్మ మమ్మల్ని పిలిచిన రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త నోటుబుక్కు కొనుక్కుని వెళ్ళాను. డాక్టరమ్మ పేరు కీర్తిక. ముప్పై అయిదుకు మించి ఉండదు. మా మాటలు విని నవ్వింది.

"మా ఇంట్లో గూడా తెలుగే. రాయను చదవను రాదు, తిట్టను మాత్రం బాగా వచ్చు," అంది.

"అది చాలమ్మా. మా తంబికి రాసేదీ చదివేదీ వచ్చు, దాన్తో మేము పడే అవస్థ నీకు తెలీదు," అంది అక్క.

కీర్తిక కాగితం మీద ఒక గుండ్రం గీసింది. దాని చుట్టూ వెంట్రుకల్లాగా చిన్న చిన్న కొక్కేలు గీసింది. ఒక్కొక్కటీ ఇంగ్లీషు 'వై' అక్షరం లాగా ఉంది.

"పెద్దమ్మా, ఇది మీ ఒంట్లో తెల్లకణం. దీని పైన ఉండాయే, వీటిని రిసెప్టర్లు అంటారు. ఏదైనా క్రిమి వచ్చి వీటికి తగిలితే కణం లోపలికి కబురు పోతుంది. పెరుగు, రెండవు, నాలుగవు అని. క్రిమి పోతే కబురు ఆగిపోవాల. మీకు ఆగడం లేదు."

"క్రిమి లేకుండానే?" అంది విజి.

"లేకుండానే. కాలింగ్ బెల్ స్విచ్చి అతుక్కుపోయినట్టు. వాకిట్లో ఎవురూ లేరు, బెల్లు మోగతానే ఉండాది. లోపలోళ్ళు చుట్టాలొచ్చినారని అన్నం వండతానే ఉండారు."

"అంత అన్నం ఎవురు తినేది?" అంది అక్క.

"తినేవాళ్ళు లేకనే పెద్దమ్మా, ఇక్కడ మూట కట్టింది." కీర్తిక అక్క మెడ మీది గడ్డను వేలితో తాకింది. "ఈ కబుర్లు బాగా అందేది ఇట్లాంటి గ్రంథుల్లోనే. కణాలు ఇక్కడ గుంపుగా అతుక్కోని కూచుంటాయి. పక్కనుండే కణాలు గూడా వాటికి ఊతమిస్తాయి. రక్తంలో తిరిగేవి ఊరికే తిరగతా ఉంటాయి, పిల్లలు పెట్టేది ఇక్కడ. ఆ స్విచ్చిని పీకలేం. దాని వెనక, కణం లోపల, కబురు మోసే వైరు మాదిరి ఒకటుంది. దాన్ని ఈ మాత్ర కట్ చేస్తుంది. దినానికి ఒకటి. మరిచిపోకూడదు. నన్నడక్కుండా ఆపకూడదు."

నాకు ఒళ్ళు పులకరించింది. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ క్లాసులో కూర్చున్నట్టు ఉంది. నోటుబుక్కులో నేనూ గుండ్రం గీశాను, వైలు గీశాను. "ఇట్లాంటివి మొక్కల కణాల మీద గూడా ఉంటాయి డాక్టర్, నేను బాటనీ," అన్నాను. ఆవిడ అవునంది. ఆ ఒక్క అవునుతో నా కాళ్ళు నేల మీద లేవు. తర్వాత ఆవిడ ఇంకా ఏదో చెప్పింది, విజి అప్పుడు ఫోను మోగి బయటికి పోయింది, నేను వైలకు పెన్సిలుతో నీడలు దిద్దుతున్నాను. బొమ్మ చాలా బాగా వచ్చింది.

సాయంత్రం వీధి చివర టీకొట్లో నాగరాజన్‌కు ఆ బొమ్మ చూపించి ముప్పావుగంట ఉపన్యసించాను. నాగరాజన్ పాత మిల్లు కార్మికుడు. అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు.

"సెరి, ధనపాలూ. అక్కకు ఎట్లా ఉండాది?"

నేను నోటుబుక్కు మూసి, టీ డబ్బులిచ్చి లేచాను.

మాత్ర ఇచ్చే ఉద్యోగం నాకు నేనే ఇచ్చుకున్నాను. డబ్బా మీద ఇంగ్లీషు ఉంది కాబట్టి, విజికి పొద్దున ఆఫీసు హడావిడి కాబట్టి, అది నా దగ్గరే ఉండాలని తీర్పు చెప్పాను. రోజూ ఎనిమిది గంటలకు మోపెడ్ మీద ఒర్లియంపేట నుంచి కదిర్కామం. అక్క ఇడ్లీ తిని చెయ్యి చాపుతుంది. నేను మాత్ర వేస్తాను. పూజారి తీర్థం ఇచ్చినంత ఘనంగా ఇచ్చేవాణ్ణి.

"ఏందిరా, మంత్రం గూడా చదవతావా?" అనేది అక్క.

మూడు వారాలకు అక్క ముఖంలో తేటదనం వచ్చింది. ఒక రోజు పొద్దున నేను గేటు తెరవగానే లోపలి నుంచి కేక.

"రేయ్, చెప్పులు ఆడ ఇడవబాక, ఇప్పుడే ముగ్గేసినా!"

ఎడమ పక్కకు తల తిప్పి మరీ తిట్టింది. గడ్డ రేగుపండంత అయింది. తల తిప్పిందన్న సంగతి నేను చూశాను గానీ దాన్ని రాసుకోలేదు. నోటుబుక్కులో అంకెలు మాత్రమే రాసేవాణ్ణి.

మర్నాడు ల్యాబు నుంచి నా ఫోనుకు రిపోర్టు వచ్చింది. మూడో వారం ఒకటి, అయిదో వారం డాక్టరమ్మను చూసే ముందు ఒకటి రక్తపరీక్ష చేయించమని చీటీ రాసిచ్చారు. మందు మొదలుపెట్టేనాటికి తెల్లకణాలు ఎనభై నాలుగు వేలు. ఇప్పుడు లక్షా అరవై ఒక్క వేలు.

మూడుసార్లు చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి చూశాను. దాదాపు రెండింతలు.

ఇక్కడ నా జీవితంలోని ఒకే ఒక్క విజయం గురించి చెప్పాలి. ఎన్నో ఏళ్ళ కిందట బాహూరు వైపు వరికి సుడిదోమ పడింది. రైతులు వేరే అంగడిలో ఘాటైన మందు కొని కొట్టారు. పదిహేను రోజుల్లో దోమ పదింతలైంది. ఆ మందు దోమను తినే సాలీళ్ళను చంపేసింది, దోమ గుడ్లు మాత్రం బతికాయి. అప్పుడు గట్టు మీద నిలబడి, "మందు ఆపండిరా, మందే దోమను పెంచతా ఉండాది," అని అరిచినవాణ్ణి నేను. నా మాట విన్నవాళ్ళ పైరు నిలిచింది. ఆ కథను నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మా ఇంటావిడ బతికున్నన్నాళ్ళూ ఆ కథ మొదలవగానే లేచి వంటింట్లోకి పోయేది.

ఇప్పుడు ఫోనులో అంకె చూడగానే నాకు సుడిదోమ గుర్తొచ్చింది. మందే పెంచుతోంది! డాక్టరమ్మ చిన్నపిల్ల, పుస్తకం చదివింది గానీ పొలం చూడలేదు. చూసినవాణ్ణి నేనున్నాను.

ఫైలు మీద ఆసుపత్రి ఫోను నంబరు ఉంది. చేయొచ్చు. కానీ ఫోను చేస్తే అడిగినట్టు అవుతుంది. నేను చెప్పేవాణ్ణి, అడిగేవాణ్ణి కాను. పోనీ విజికి చెబుదామా అంటే, అది ముందు డాక్టరమ్మకే ఫోను చేస్తుంది. అక్కకు చెబుదామా అంటే, "నువ్వు డాక్టరు ఎప్పుడయినావు?" అంటుంది. రుజువు కావాలి. అంగడి నడిపే రోజుల్లో కొత్త మందు మీద నమ్మకం లేని రైతు పొలంలో ఒక మడికి మందు వేసి, పక్క మడికి వేయకుండా వదిలేవాళ్ళం. నెల తర్వాత రెండూ పక్కపక్కన చూపిస్తే ఇంక మాటలు అక్కరలేదు.

అక్కను నేను మడి చేశాను.

మందులషాపుకు పోయి, చూపులకు అచ్చం ఆ మాత్రలాగే తెల్లగా, గుండ్రంగా ఉండే కాల్షియం మాత్రలు కొన్నాను. మర్నాటి నుంచి ఇడ్లీ తిన్నాక అక్క చెయ్యి చాపింది, నేను కాల్షియం వేశాను. అసలు మాత్రను రోజుకొకటి చొప్పున కాగితంలో చుట్టి జేబులో దాచాను. సాక్ష్యం కదా. దొంగ కూడా దొంగిలించిన సొత్తును వరసగా సర్ది, లెక్క రాసి పెట్టుకోడు. నేను పెట్టుకున్నాను.

ఆరో రోజు అక్క మాత్ర మింగి, మెడ తడుముకుంది.

"తంబీ, కట్టి మళ్ళీ ఊరతా ఉండాదిరా."

"నీకు అట్లా అనిపిస్తాదిలే."

"నాకనిపించేదేంది, నా మెడ నాకు తెలీదా? నిన్న రవిక హుక్కు పెట్టుకుంటే పట్టేసింది. రుబ్బురోలు కాడ రెండుసార్లు కూలబడినా."

"రిపోర్టు రానీ అక్కా. మెడ చూసి చెప్పేది నాటువైద్యం. కాగితం చూసి చెప్పేదే సైన్సు."

ఈ వాక్యం నా నోట్లోంచే వచ్చింది. కావాలంటే విజిని అడగండి, వంటింట్లోంచి విన్నది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికైనా నవ్వు రాకపోతే విజి నా గొంతుతో ఆ మాట అంటుంది.

పదకొండో రోజు రెండో రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. తొంభై ఏడు వేలు.

లక్షా అరవై ఒక్క వేల నుంచి తొంభై ఏడు వేలకు! మందు ఆపిన పదకొండు రోజుల్లో! గోరిమేడు రోడ్డులో మోపెడ్ పక్కకు ఆపి, ఎండలో నిలబడి, ఒక్కణ్ణే నవ్వాను. ఇంటికి పోయి గ్రాఫు కాగితం మీద గీత గీశాను. మందు ఉన్నప్పుడు ఎర్ర సిరాతో పైకి, మందు ఆపాక ఆకుపచ్చ సిరాతో కిందికి. డాక్టరమ్మ ముందు ఎట్లా మొదలుపెట్టాలో అద్దం ముందు సాధన చేశాను. "డాక్టర్, మీరు తప్పుగా అనుకోకపోతే..." అని వినయంగా మొదలుపెట్టి, సుడిదోమ మీదుగా పోయి, గ్రాఫు దగ్గర ముగించాలి. వీలైతే ఆవిడ నన్ను ఇంకో డాక్టరుకు పరిచయం చెయ్యాలి.

మర్నాడు మాత్ర వేళ కాకముందే ఆసుపత్రికి బయల్దేరాం. అక్క, విజి, నేను. అదే గది. నా చేతి సంచిలో గ్రాఫు, జేబులో పదకొండు మాత్రలు. నేను గొంతు సవరించుకునేలోపే కీర్తిక లేచి అక్క మెడ మీద చెయ్యి పెట్టింది. ఆవిడ ముఖం మారిపోయింది. రెండో పక్క నొక్కింది. చంకలో నొక్కింది. మళ్ళీ మెడ.

"ఇది ఎప్పట్నుంచి ఇంత అయింది?"

"ఒక వారం, పది దినాలుంటాది. మధ్యలో బాగా కరిగిపోయిందమ్మా, మళ్ళీ వచ్చేసింది," అంది అక్క.

కీర్తిక రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుంది. "మూడో వారానికి లక్షా అరవై ఒకటి. బాగుంది, ఇట్లాగే పెరగాల."

"పెరగాలా?" అన్నాను.

"చెప్పినాను గదా సార్ ఆ రోజే. మాత్ర వేసుకుంటే ఆ కణాలకు కబురు అందదు. గ్రంథిని పట్టుకోని ఉండలేవు, ఊడి రక్తంలో పడతాయి. అందుకే మొదట్లో రక్తంలో లెక్క పెరుగుతుంది, గడ్డ కరుగుతుంది. బయటపడ్డవి ఊతం లేక నిదానంగా చచ్చిపోతాయి. అప్పుడు లెక్క తగ్గుతుంది. నెలలు పట్టొచ్చు. మీరు రాసుకుంటా ఉంటిరే."

నోటుబుక్కు తెరవకుండానే నాకా పేజీ కనిపించింది. వైలు, వాటి నీడలు. అందమైన నీడలు.

"కానీ ఇది తలకిందులుగా ఉంది," అంది కీర్తిక రెండో రిపోర్టు మీద పెన్నుతో కొడుతూ. "లెక్క పడిపోయింది, గడ్డ పెరిగింది. అంటే కణాలు మళ్ళీ గ్రంథిలోకి పోయి కూచున్నాయి. మాత్ర దినమూ వేసుకుంటా ఉండారా పెద్దమ్మా?"

"ఒక్క దినం తప్పలేదమ్మా. మా తంబి చేత్తోనే, ఎనిమిదింటికి. గడియారం తప్పతాది గానీ వాడు తప్పడు."

కీర్తిక తల ఊపి రాసుకుంది. మాత్ర వేసుకుంటూ ఉండగానే ఇట్లా అయిందంటే అది జబ్బును ఆపలేకపోతోందని అర్థం అంది. లేదా జబ్బు వేరే రకంగా, వేగంగా పెరిగే రకంగా మారుతూ ఉండొచ్చు. గడ్డలోంచి ముక్క తీసి చూడాలి. ఈ మాత్ర ఆపేసి, వార్డులో చేర్చి, డ్రిప్పు మందులు ఎక్కించాలి. అవి ఈ వయసులో కొంచెం కష్టంగానే ఉంటాయి.

విజి కళ్ళు తుడుచుకుంది. నేను గోడ వంక చూశాను. గడియారం ఉంది. నాలుగు నిమిషాలు దాన్ని చూశాను. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఏమి ఆలోచించానో చెబితే మీరు నన్ను ఇంటికి రానివ్వరు. డ్రిప్పు మందుతోనైనా బాగైపోతుంది కదా అనుకున్నాను. ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. సంచిలో గ్రాఫు కనబడకుండా మోకాలితో కుర్చీ కిందికి నెట్టాను.

అప్పుడు అక్క నావైపు తిరగబోయింది. తల తిరగలేదు. ఒళ్ళంతా తిప్పి నన్ను చూసింది.

"రేయ్, నువ్వు చెప్పరా. నువ్వు చదువుకున్నోడివి. ఆ డ్రిప్పులు నేను తట్టుకుంటానా? వొద్దంటే వొద్దంటా, వేయించుకోమంటే వేయించుకుంటా."

డెబ్భై ఒక్క ఏళ్ళలో మా అక్క నన్ను సలహా అడగడం అదే మొదటిసారి.

జేబులో చెయ్యి పెట్టి పొట్లం తీశాను. డాక్టరమ్మ బల్ల మీద విప్పాను. పదకొండు మాత్రలు. ఒకటి దొర్లి ఆవిడ స్టెతస్కోపు దగ్గర ఆగింది.

"అక్క వేసుకోలేదు," అన్నాను. "పదకొండు రోజుల నుంచి నేను వేరే మాత్ర ఇస్తున్నా. అక్కకు తెలీదు. లెక్క పెరిగిందని... మందే పెంచతా ఉందనుకుని..."

అద్దం ముందు సాధన చేసిన ఉపన్యాసం ఇట్లా బయటికొచ్చింది. సుడిదోమ దాకా పోనేలేదు.

"మామా!" అంది విజి. దాని తర్వాత ఇంకో మాట అంది. అది మేనమామను అనే మాట కాదు. నేను వినలేదన్నట్టు ఉన్నాను. నాకు తగిన మాటే.

కీర్తిక తను రాసిన చీటీని మెల్లగా రెండుగా చించింది. కోపంగా ఉందో, ఊరట పడుతోందో నాకు తెలియలేదు. రెండూ ఉన్నాయనుకుంటాను.

"సార్, మీరు అంగడి పెట్టుకోని ఉంటిరి గదా. మీరు మందిచ్చి పంపిన రైతు, మీకు చెప్పకుండా పైరు మీద మైదాపిండి చల్లి, మళ్ళీ వచ్చి మీ మందు పని చెయ్యలేదంటే ఏం చేస్తారు?"

"తిడతాను."

"ఎట్లా తిడతారు?"

"ఆసుపత్రిలో అనకూడని మాటలు డాక్టర్."

"నేను అవన్నీ అన్నట్టే అనుకోండి," అంది. అక్క వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఈ దినమే మళ్ళీ అదే మాత్ర మొదలుపెడదాం. రెండు వారాల్లో గడ్డ తగ్గితే మంచిది, మందు పని చేస్తా ఉందని అర్థం. తగ్గకపోతే ముక్క తియ్యాల్సిందే, డ్రిప్పులు పెట్టాల్సిందే. ఆపినందుకు నష్టం ఏమీ జరగలేదని నేను ఇప్పుడు చెప్పలేను."

అక్క బల్ల మీది మాత్రలను ఒక్కొక్కటే వేలితో జరిపి చూస్తోంది.

"అంటే అమ్మా," అంది చివరికి, "పొగ పెడితే బొక్కలోంచి ఎలకలు బయటికొస్తాయి గదా. అట్లా వస్తే, అయ్యో, చేన్లో ఎలకలు పెరిగిపోయినాయే అని పొగ ఆర్పేసినాడా వీడు?"

కీర్తిక పెన్ను కింద పెట్టింది. "అంతే పెద్దమ్మా. సరిగ్గా అంతే."

"బి.ఎస్సీ.," అంది అక్క.

మా ఊళ్ళో గట్ల మీద కుండలో వరిగడ్డి రాజేసి ఎలక బొక్కలకు పొగపెట్టడం నేను చూడలేదా? చూడడమేమిటి, నేనే ఊదాను. కళ్ళలో నీళ్ళు కారేదాకా ఊదాను. ఎలకలు బయటికి దూకితే అక్కా నేనూ కర్రలు పట్టుకుని గంతులేశాం. బుర్రలో రెండు జ్ఞాపకాలూ ఉండగా, నేను గెలిచినదాన్నే పట్టుకున్నాను.

ఆ రోజు అక్క నా మోపెడ్ ఎక్కలేదు. విజితో ఆటోలో పోయింది. మాత్రల డబ్బా విజి బ్యాగులోకి పోయింది. నా ఫోను నంబరు తీసేసి ల్యాబులో తన నంబరు రాయించింది విజి. ఒక్క పూటలో నాకు అన్ని పదవులూ పోయాయి.

అయినా మర్నాడు ఎనిమిదింటికి కదిర్కామం పోయాను. పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళు లేరు. గేటు బయట మోపెడ్ మీద కూర్చున్నాను. లోపల విజి మాత్ర ఇచ్చిన చప్పుడు, అక్క నీళ్ళు తాగిన చప్పుడు వినిపించింది. వెనక్కి వచ్చాను. రోజూ అంతే. ఎదురింటాయన, "ఏం సార్, లోపలికి పోలే?" అంటే, "గాలి బాగుంది," అన్నాను. ఆ వీధిలో గాలి ఆడదు. నాలుగో రోజు విజి ఒక లోటాలో కాఫీ తెచ్చి గేటు గోడ మీద పెట్టి పోయింది. కుక్కకు పెట్టినట్టుగా ఉందని నాకు అనిపించింది గానీ కాఫీ బాగుంది.

టీకొట్టుకు పోవడం మానేశాను. నాగరాజనే ఇంటికొచ్చాడు. ఏమైందంటే మొత్తం చెప్పాను. ఈసారి బొమ్మ లేకుండా, పది వాక్యాల్లో అయిపోయింది. వాడు నా భుజం తట్టి, "మొదటిసారి నువ్వు చెప్పింది అర్థమైంది రా," అన్నాడు.

రాత్రులు పడుకుంటే ఆ కణాలే కళ్ళ ముందు. బెల్లు మోగుతూనే ఉంది, ఆ వైరును కత్తిరిస్తున్న చేతిని నేను పట్టి లాగేశాను. పదకొండు రోజుల్లో ఎన్ని రెండయ్యాయో, ఎన్ని నాలుగయ్యాయో. లెక్కలు వేయడం అలవాటైన బుర్ర. ఆ లెక్క మాత్రం వేయలేకపోయాను.

పదిహేనో రోజు పొద్దున నేను మోపెడ్ స్టాండు వేస్తుండగా లోపలి నుంచి కేక వినబడింది.

"ఆ గేటుకు కాపలా ఎందుకురా, లోపలికి రా!"

అక్క వరండాలో కుర్చీలో ఉంది. పక్కన విజి ఫోను పట్టుకుని నిలబడింది.

"నిన్న డాక్టరమ్మ చూసింది మామా," అంది విజి. "ముక్క తియ్యపన్లేదు అనింది. డ్రిప్పులు వొద్దనింది. ఇదే మాత్ర వేసుకుంటా ఉండమనింది. లెక్క లక్షా యాభై ఎనిమిది వేలు."

లక్షా యాభై ఎనిమిది అనగానే నాకు పాత అలవాటు కొద్దీ గుండె జల్లుమంది. అక్క అది కనిపెట్టింది.

"ఇట్లా రా," అని నా చెయ్యి పట్టి లాగి, నా వేళ్ళు తన మెడ మీద పెట్టుకుంది. "అదమరా, ఏం కాదు."

గడ్డ ఉంది. కానీ వేళ్ళ కింద మెత్తబడి, చింతగింజంతై పక్కకు జారింది. ఆ మెడ చర్మం వదులుగా, వెచ్చగా ఉంది. ఇన్ని వారాలు రోజూ ఆ ఇంటికి పోయినవాణ్ణి, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి చూడలేదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను.

"ఇప్పుడు సైన్సు మాట్లాడితే చెప్పు తీసుకుంటా," అంది అక్క.

నోరు మూశాను.

కాసేపయ్యాక అక్క మోకాలు నిమురుకుంటూ అడిగింది. "అవున్రా, ఆ పదకొండు దినాలు నాకు ఏం మాత్ర ఇచ్చినావు?"

"కాల్షియం అక్కా. ఎముకలకు."

"అదేనా సంగతి! ఆ దినాల్లో మెట్లు దిగతా ఉంటే మోకాళ్ళు నొయ్యలే. నాకు అది గూడా కావాల."

"సరే అక్కా. ఆ మాత్రతో కలిపి ఇది వేసుకోవచ్చో లేదో డాక్టరమ్మను అడిగి తెస్తా."

"నువ్వు అడగబాక," అంది అక్క. "నేనే అడుగుతా."